బోర్లతో యురేనియం: దించే నీళ్ళలో ఏం కలపాలి?



హైదరాబాద్‌లో ఈసీఐఎల్ చౌరస్తా వైపు తిరిగేవాళ్ళకు న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ప్రహరీ గోడ తెలిసే ఉంటుంది. మన అణు విద్యుత్ కేంద్రాలకు ఇంధనం తయారుచేసే కర్మాగారం అది. దానికి కావలసిన యురేనియం కొంత జార్ఖండ్‌లోని జాదుగూడ నుంచి వస్తుంది, కొంత మన కడప జిల్లా తుమ్మలపల్లె నుంచి వస్తుంది. మిగతాది విదేశాలది. ఆ విదేశాల్లో ముఖ్యమైనది కజకిస్తాన్. 2015 నుంచి 2019 వరకు 5,000 టన్నులు సరఫరా చేసేటట్టు ఆ దేశంతో మన ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. ఈ కజక్ యురేనియంలో ఒక విశేషం ఉంది. దాన్ని పైకి తేవడానికి ఎవరూ కొండను పిండి చేయలేదు, ఎవరూ సొరంగంలోకి దిగలేదు. బోర్లు వేశారు. కొన్ని బోర్లలోకి గంధకామ్లం, అదే సల్ఫ్యూరిక్ ఆసిడ్, కలిపిన నీళ్ళు దించారు. పక్కనున్న బోర్లలోంచి ఆ నీళ్ళను తోడుకున్నారు. నేలలో ఉన్న యురేనియం ఆ నీళ్ళలో కరిగి పైకి వచ్చింది.

ప్రపంచంలో ఏటా తీసే యురేనియంలో సగానికి పైగా ఇప్పుడు ఇలాగే వస్తోంది. కజకిస్తాన్ వాటాయే సుమారు 40 శాతం. అమెరికాలో, ఆస్ట్రేలియాలో, చైనాలో, ఉజ్బెకిస్తాన్‌లో కూడా ఈ పద్ధతి నడుస్తోంది. దీన్ని ఎలా మెరుగుపరచాలి అన్నది అరవై ఏళ్ళుగా ఇంజనీర్ల ముందున్న ప్రశ్న. ఇంకా ఘాటైన మందు కనిపెట్టి ఇంకా ఎక్కువ యురేనియం కరిగించడమే మెరుగు అని మొదట్లో అనుకున్నారు. ఆ అరవై ఏళ్ళ కథ చదివినకొద్దీ నాకు మరో లెక్క ముఖ్యమనిపించింది. దించిన మందులో ఎంత తిరిగి పైకి వచ్చింది? కిందే ఉండిపోయింది ఎంత? ఇవాళ ఆ లెక్క గురించే మాట్లాడతాను.

యురేనియం స్వభావం ఒకటి తెలిస్తే తక్కినదంతా తేలిక. ఆక్సిజన్ అందితే అది నీళ్ళలో కరిగే రూపంలోకి మారుతుంది. ఆక్సిజన్ లేనిచోట కరగకుండా, ఇసుక రేణువులకు నల్లటి పూతలా అంటుకుని కూర్చుంటుంది. వాన నీరు నేలలోకి ఇంకి, ఇసుకరాయి పొరల గుండా వేల, లక్షల ఏళ్ళు మెల్లగా పారుతూ దారిలో తగిలిన యురేనియాన్ని కొద్దికొద్దిగా కరిగించుకుని మోసుకుపోతుంది. ఎక్కడో ఒకచోట కుళ్ళిన మొక్కల అవశేషాలో, పైరైట్ అనే ఇనుము గంధకాల ఖనిజమో ఎదురై ఆ నీటిలో ఉన్న ఆక్సిజన్‌ను లాగేసుకుంటాయి. అంతే, యురేనియం అక్కడ దిగబడిపోతుంది. ఆ పొరను నిలువునా కోసి చూస్తే నిక్షేపం నెలవంక ఆకారంలో కనిపిస్తుంది. గనివాళ్ళు చేసేదల్లా ఈ వ్యవహారాన్ని వెనక్కి తిప్పడమే. నీళ్ళకు మళ్ళీ ఆక్సిజన్ ఇస్తారు, కరిగిన యురేనియం మళ్ళీ దిగబడకుండా పట్టి ఉంచడానికి ఆమ్లమో, బైకార్బొనేటో తోడు ఇస్తారు.

ఇది అన్ని నేలల్లోనూ కుదరదు. రాయిలో నీరు నడవాలి. ఆ పొర నీటితో నిండి ఉండాలి. దానికి పైనా కిందా నీరు దూరని బంకమట్టి పొర ఉండాలి. ఈ మూడూ ఉన్న ఇసుకరాయి దొరికితేనే పని.

అమెరికాలో ఈ పద్ధతి పుట్టడానికి కారణం చాలా మామూలుది. వయోమింగ్ రాష్ట్రంలో షిర్లీ బేసిన్ అనేచోట యూటా కన్‌స్ట్రక్షన్ కంపెనీకి ఒక భూగర్భ గని ఉండేది. అందులో నీటి ఊట విపరీతం. తోడలేక విసిగిపోయి, సరే, ఈ నీళ్ళతోనే పని చేయించుకుందాం అని 1961లో ప్రయోగాలు మొదలుపెట్టారు. 1963 నుంచి 1969 వరకు అక్కడ బోర్ల ద్వారానే యురేనియం తీశారు. ఇంచుమించు అదే కాలంలో సోవియట్ యూనియన్‌లో, ఉజ్బెకిస్తాన్‌లోని ఉచ్‌కుదుక్‌లోనూ ఉక్రెయిన్‌లోనూ ఇదే పని స్వతంత్రంగా మొదలైంది. రెండు చోట్లా మొదట చేతికందిన మందు గంధకామ్లమే. తర్వాత దారులు విడిపోయాయి. సోవియట్ వాళ్ళు ఆమ్లంతోనే సాగారు. అమెరికన్లు దాన్ని వదిలి క్షారం వైపు, అంటే బైకార్బొనేట్ వైపు తిరిగారు.

ఎందుకు తిరిగారో ఒక చిన్న లెక్క చెబుతుంది. ఇసుకరాయి టన్నులో యురేనియం అరకిలో ఉందనుకోండి. ఇలాంటి గనుల్లో అది అరుదేమీ కాదు. అదే టన్నులో కాల్సైట్, అంటే సున్నపురాయి పదార్థం, నూటికి రెండు పాళ్ళు ఉందనుకోండి. ఇరవై కిలోలన్నమాట. కాల్సైట్ కిలోకు కిలో చొప్పున గంధకామ్లాన్ని తినేస్తుంది. అరకిలో యురేనియం ముట్టుకోకముందే ఇరవై కిలోల ఆసిడ్ ఖర్చయిపోయింది. ఖర్చు ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. ఆ చర్యలో జిప్సం పుడుతుంది, కరిగిన కాల్సైట్ ఎంత చోటు ఖాళీ చేసిందో దానికి రెట్టింపు చోటు ఆక్రమిస్తుంది. నీళ్ళు నడవాల్సిన రంధ్రాలు మూసుకుపోతాయి. వయోమింగ్‌లో తర్వాత నైన్ మైల్ లేక్ దగ్గర ఆమ్లంతో చేసిన ప్రయోగంలో ఎదురైన చిక్కు ఇదే. కజకిస్తాన్‌లో చూ, సరిసూ నదుల మధ్య పరుచుకున్న ఇసుక పొరల్లో కాల్సైట్ తక్కువ కాబట్టి అక్కడ ఆమ్లం గిట్టుబాటైంది.

బైకార్బొనేట్ కాల్సైట్ జోలికి పోదు, యురేనియాన్ని మాత్రం గట్టిగా పట్టుకుంటుంది. 1970లలో టెక్సాస్‌లో పెద్ద ఎత్తున గనులు మొదలైనప్పుడు అక్కడివాళ్ళు ఎంచుకున్నది అమ్మోనియం బైకార్బొనేట్, దానికి తోడు హైడ్రోజన్ పెరాక్సైడ్. యురేనియం బాగా కరిగింది. అమ్మోనియం మనకు కొత్తది కాదు, పొలంలో యూరియా చల్లితే నేలలో తయారయ్యేది అదే. బంకమట్టి దాన్ని పట్టుకుని నిలుపుకుంటుంది కాబట్టే పైరుకు కొన్నాళ్ళపాటు అందుతుంది. రైతుకు వరమైన ఆ గుణమే గనికి శాపమైంది. ఇసుకరాయిలో సన్నని బంకమట్టి రేణువులు అమ్మోనియాన్ని పట్టుకున్నాయి. గని మూసేటప్పుడు ఎన్నిసార్లు మంచినీళ్ళు పంపి కడిగినా కొంచెం కొంచెంగానే వదిలాయి. అది నైట్రేట్‌గా మారితే తాగునీటికి మరో సమస్య. 1980ల నాటికి అమెరికా గనులు అమ్మోనియాన్ని విడిచిపెట్టాయి. యురేనియం తీయడంలో దానికి వంక పెట్టడానికి ఏమీ లేదు. వెళ్ళిపొమ్మంటే వెళ్ళదు, అంతే దాని తప్పు.

తర్వాత సోడియం బైకార్బొనేట్ వచ్చింది. కడిగితే పోతుంది, సందేహం లేదు. అయితే కొన్ని రకాల బంకమట్టి సోడియం తగలగానే ఉబ్బుతుంది. మళ్ళీ రంధ్రాలు మూసుకుపోవడం. చివరికి చాలాచోట్ల స్థిరపడిన పద్ధతి అన్నింటికంటే సాదాది. ఆ పొరలోని నీళ్ళనే పైకి తోడి, అందులో కార్బన్ డయాక్సైడ్ వాయువూ ఆక్సిజన్ వాయువూ కలిపి తిరిగి దించడం. కార్బన్ డయాక్సైడ్ రాయిలో ఉన్న కాల్సైట్‌ను కొద్దిగా కరిగించి, కావలసిన బైకార్బొనేట్‌ను అక్కడికక్కడే తయారుచేసుకుంటుంది. బయటి నుంచి మోసుకొచ్చే సరుకు తగ్గింది, పోగొట్టుకోవలసిన చెత్త కూడా తగ్గింది. చైనాలో ఇన్నర్ మంగోలియాలోని తొంగ్‌ల్యావ్ గని ఈ పద్ధతిలోనే నడుస్తోంది. నా దృష్టిలో ఈ రంగంలో జరిగిన పెద్ద మెరుగు ఇదే. మందు బలం పెరగలేదు. ఇంకా చెప్పాలంటే తగ్గింది.

ఆక్సిజన్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఖర్చులో దాని పాత్ర పెద్దది. మామూలు ఒత్తిడిలో లీటరు నీటిలో స్వచ్ఛమైన ఆక్సిజన్ సుమారు 40 మిల్లీగ్రాములు మాత్రమే కరుగుతుంది. 200 మీటర్ల లోతున, పైనున్న నీటి బరువుకు ఒత్తిడి దాదాపు ఇరవై రెట్లు. కరిగే ఆక్సిజన్ కూడా దాదాపు అన్ని రెట్లు. కాబట్టి లోతైన నిక్షేపం ఇక్కడ లాభమే. మోతాదు మించితే మాత్రం వాయువు బుడగలై రాతి సందుల్లో ఇరుక్కుంటుంది, నీటి నడక ఆగిపోతుంది. అంత కష్టపడి దించిన ఆక్సిజన్‌లో యురేనియం వాటా ఎంతంటారా? 16 గ్రాముల ఆక్సిజన్ 238 గ్రాముల యురేనియాన్ని కరిగే రూపంలోకి మార్చగలదు. కిలో ఆక్సిజన్‌తో పదిహేను కిలోల యురేనియం. వినడానికి బాగుంది. పక్కనే పైరైట్ ఉంటుంది మరి. యురేనియం అక్కడ దిగబడటానికి కారణమే అది. ఒక కిలో పైరైట్ పూర్తిగా ఆక్సీకరణం చెందడానికి సరిగ్గా ఒక కిలో ఆక్సిజన్ కావాలి. నిక్షేపంలో యురేనియం కంటే పైరైటే ఎక్కువగా ఉండటం మామూలు. కాబట్టి దించిన ఆక్సిజన్‌లో ఎక్కువ భాగం మనకు అక్కర్లేని పనికి పోతుంది. ఎంత దించాలి, ఎప్పుడు ఆపాలి, ఏ బోరుకు ఎంత అన్న లెక్క కుదరడంలోనే ఇంజనీరు నేర్పు ఉంది.

   

ఇక బోర్ల సంగతి. పొలంలో బోరు లాగే ఉంటుంది, కాకపోతే చుట్టూ సిమెంటు గట్టిగా నింపుతారు, ఖనిజం ఉన్న లోతులో మాత్రమే జల్లెడ గొట్టం అమరుస్తారు. నాలుగు మూలలా దించే బోర్లు, నడుమ తోడే బోరు, ఇదొక అమరిక. ఆరు బోర్లు చుట్టూ ఉండి మధ్యలో ఒకటి ఉండేది మరొకటి. బోర్లన్నీ పరుచుకున్న ఈ ఫీల్డు మధ్యలో రేకుల షెడ్డు లాంటి చిన్న గది ఉంటుంది. ఏ బోరు నుంచి వచ్చే పైపైనా ఆ గదిలోకే వస్తుంది. గోడ పొడవునా వరసగా వాల్వులు, మీటర్లు. ఏ బోరులోకి నిమిషానికి ఎన్ని లీటర్లు దిగింది, ఏ బోరు ఎన్ని లీటర్లు ఇచ్చింది, రోజూ రాస్తారు. నిన్న బాగా తాగిన బోరు ఇవాళ సగమే తాగుతోందంటే జల్లెడకు కాల్సైటో, జిప్సమో, ఇనుప తుప్పో పట్టిందన్నమాట. అప్పుడు గాలి కొట్టి కెలుకుతారు, లేదా కొద్దిగా ఆసిడ్ పోసి కడుగుతారు. ఈ గనిలో మేస్త్రీ పని అంటే ఇదే.

నీళ్ళు సమంగా నడవకపోవడం ఇంకో తలనొప్పి. పొడి సమంగా పరచని కాఫీ ఫిల్టర్‌లో ఏమవుతుందో మన ఇళ్ళలో అందరికీ తెలుసు. నీళ్ళు ఒక పక్కగా సందు చేసుకుని జారిపోతాయి, డికాక్షన్ పల్చగా దిగుతుంది, మిగతా పొడి సారమంతా అలాగే ఉండిపోతుంది. ఇసుకరాయిలోనూ అంతే. ముతక ఇసుక ఉన్న చారల వెంబడి మందు పరుగెత్తిపోతుంది, సన్న ఇసుకలో ఉన్న యురేనియం తడవనైనా తడవదు. మందు ఘాటు పెంచితే ఈ జబ్బు నయం కాదు. జల్లెడను సరైన లోతులో పెట్టాలి, కొన్నాళ్ళకు దించే బోర్లనూ తోడే బోర్లనూ తారుమారు చేసి నీటి దారి మార్చాలి. జల్లెడ ఎక్కడ పెట్టాలో తెలుసుకోవడానికి పూర్వం గామా కిరణాలు కొలిచేవారు. చిక్కేమిటంటే ఆ గామా కిరణాలు చాలావరకు యురేనియం నుంచి రావు, అది క్షయమై పుట్టిన బిస్మత్ వంటి సంతానం నుంచి వస్తాయి. పారే నీరు తల్లిని ఒకచోటికి, పిల్లలను ఒకచోటికి చేర్చి ఉంటే కొలత చూపించిన చోట యురేనియం ఉండదు. ఇప్పుడు బోరులోకి న్యూట్రాన్లు విడిచే పరికరాన్ని దించి, అసలు యురేనియాన్నే కొలుస్తున్నారు. అలాగే కజకిస్తాన్‌లో ఫ్రెంచి భాగస్వామ్యంతో నడిచే కాట్కో గని, పారిస్ గనుల విద్యాలయంవారి కంప్యూటర్ నమూనాలతో, ఏ బోరు ఏ నెలలో ఎంత ఇస్తుందో ముందే అంచనా కట్టి ఆసిడ్ పంపకం చేసుకుంటోంది.

పైకి వచ్చిన ద్రావణంలో యురేనియం లీటరుకు కొన్ని పదుల నుంచి వందల మిల్లీగ్రాములు మాత్రమే. దాన్ని సన్నని రెజిన్ పూసలు నింపిన ట్యాంకుల గుండా పంపితే పూసలు యురేనియాన్ని పట్టుకుంటాయి. ఉప్పు ద్రావణంతో కడిగి విడిపించి, పెరాక్సైడ్ వేసి పేరబెట్టి, ఎండబెట్టి డ్రమ్ముల్లో నింపుతారు. ఎల్లో కేక్ అనేది అదే. యురేనియం వదిలిన నీళ్ళు మళ్ళీ మందు కలుపుకుని కిందికి. అన్నీ కాదు, అది ముఖ్యం. వంద లీటర్లు తోడితే ఒకటి రెండు లీటర్లు తక్కువగా దించుతారు. ఆ లోటు వల్ల చుట్టుపక్కల నీరు ఎప్పుడూ ఫీల్డు లోపలికే లాగబడుతుంది, లోపలి మందు బయటికి పారదు. ఫీల్డు చుట్టూ కాస్త దూరంలో నిఘా బోర్లు ఉంటాయి. వాటిలో యురేనియం కోసం వెతుకుతారని మనం అనుకుంటాం. వాళ్ళు ముందు చూసేది క్లోరైడ్. అది దేనికీ అంటుకోకుండా అందరికంటే ముందు పరుగెత్తుతుంది కాబట్టి, లీకు ఉంటే ఆ కబురు మొదట తెచ్చేది అదే.

ఈ లోటు లెక్క తప్పితే ఏమవుతుందో చెక్ దేశం చూసింది. ఉత్తర బొహీమియాలో స్త్రాజ్ పొద్ రాల్స్కెమ్ అనే ఊరి దగ్గర 1967లో ఆమ్లంతో బోర్ల గని మొదలైంది. 1996 దాకా నడిచింది. ఏడు వేలకు పైగా బోర్లు. నేలలోకి దించిన గంధకామ్లం 40 లక్షల టన్నులకు పైమాటే. దానికి తోడు నైట్రిక్ ఆమ్లం, అమ్మోనియా. తీసిన యురేనియం సుమారు 15,000 టన్నులు. భాగించి చూడండి, కిలో యురేనియానికి 250 కిలోల పైచిలుకు ఆసిడ్! అసలు విడ్డూరం అది కూడా కాదు. కొద్ది కిలోమీటర్ల దూరంలో హామ్ర్ అనే భూగర్భ గనిలో అదే ఇసుకరాయి పొరను మామూలుగా తవ్వుతున్నారు. తవ్వే గనికి పొర ఎండి ఉండాలి, రాత్రింబగళ్ళు నీళ్ళు తోడెయ్యాలి. బోర్ల గనికి అదే పొర నిండి ఉండాలి. ఒకే నీటిపొరలో ఒకరు తోడుతూ, ఒకరు నింపుతూ. తోడే వైపుకు ఆసిడ్ నీళ్ళు జరగకుండా నడుమ వరసగా బోర్లు వేసి నీటి గోడ కట్టవలసి వచ్చింది. రెండు గనులకూ ఒకే ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. బల్ల అటు ఒక ఇంజనీరు, ఇటు ఒక ఇంజనీరు కూర్చుని ఒక్క సాయంత్రం మాట్లాడుకుని ఉంటే సరిపోయేదేమో అనిపిస్తుంది నాకు. ప్రణాళికల సంవత్సరాంతపు లక్ష్యాలు ఆ సాయంత్రానికి చోటివ్వలేదు కాబోలు.

ఆ పొరకు పైన, వేరే పొరలో ఆ ప్రాంతపు తాగునీరు ఉంది. కింది మందు పైకి రాకుండా చూడటమే 1996 నుంచి అక్కడి వారి ఉద్యోగం. మురికి ద్రావణాన్ని తోడి, ఆవిరి పట్టి, అందులోంచి పటిక స్ఫటికాలు తీస్తున్నారు. ఆసిడ్ రాతిలోంచి కరిగించిన అల్యూమినియం ఆ రూపంలో బయటికి వస్తోంది. తవ్వకం సాగింది ముప్ఫై ఏళ్ళలోపు. శుభ్రం చేయడానికి అంతకంటే ఎక్కువ కాలమే పడుతోంది. యురేనియం అమ్మిన రోజుల్లో ధరలో ఈ ఖర్చు లేదు.

మంచి పద్ధతిలో నడిచిన గనుల మాటేమిటి? ఇక్కడ నిజం చెప్పుకోవాలి. అమెరికాలో ఇలాంటి గనికి అనుమతి ఇచ్చేముందు, ఆ మేరకు నీటిపొరను తాగునీటి వనరుల జాబితా నుంచి మినహాయిస్తారు. గని మూసేటప్పుడు మాత్రం నీటిని మునుపటి స్థితికి తేవడానికి ప్రయత్నించాలి. రాతి రంధ్రాల్లో పట్టే నీటినంతా ఒక విడత అనుకుంటే, అలాంటి విడతలు ఎన్నో తోడి, రివర్స్ ఆస్మాసిస్ ద్వారా శుద్ధిచేసి తిరిగి దించుతారు. మన వీధుల్లో ఇరవై లీటర్ల క్యాన్లు నింపే ప్లాంట్లలో ఉండే యంత్రమే, పెద్ద సైజులో. ఉప్పు, క్లోరైడ్ బాగానే దిగివస్తాయి. మొండికేసేవి యురేనియం, రేడియం, ఆర్సెనిక్, సెలీనియం. ఆక్సిజన్‌కు అలవాటుపడిన రాయి వెంటనే మానుకోదు. అమెరికా భూగర్భ సర్వే సంస్థ 2009లో టెక్సాస్ గనుల రికార్డులు పరిశీలించి నివేదిక ఇచ్చింది. ప్రతి మూలకమూ తవ్వకానికి ముందున్న స్థాయికి తిరిగి చేరిన ఫీల్డు ఆ రికార్డుల్లో ఒక్కటీ కనిపించలేదు. నియంత్రణ అధికారులు లక్ష్యాన్ని సడలించి మూతకు ఒప్పుకున్నారు. ఆ నీళ్ళలో చాలావాటికి గనికి ముందు కూడా తాగే యోగ్యత లేదన్నది కంపెనీల వాదన. యురేనియం నిక్షేపం నడుమ ఉన్న నీళ్ళు కదా, ఆ మాటలో కొంత న్యాయం ఉంది. అక్కడే ఆగిపోవడానికి మాత్రం అది చాలదు, నీళ్ళు పొలిమేర చూసి ఆగవు కాబట్టి.

అందుకే పరిశోధన ఇప్పుడు నేలలో సహజంగా ఉండే సూక్ష్మజీవుల వైపు చూస్తోంది. కొలరాడోలో రైఫిల్ అనేచోట, పాత యురేనియం మిల్లు ఆవరణలో 2002లో నేలలోకి ఎసిటేట్ దించి చూశారు. వెనిగర్‌లో ఉండే ఆమ్లపు లవణం అది. నేలలోని బాక్టీరియా దాన్ని తిని పెరిగి, నీటిలో కరిగి ఉన్న యురేనియాన్ని మళ్ళీ కరగని రూపంలోకి మార్చాయి, నీటిలో దాని మోతాదు పడిపోయింది. ఎసిటేట్ ఆపి, ఆక్సిజన్ ఉన్న నీరు తిరిగి వస్తే కరగడం మళ్ళీ మొదలయ్యే ప్రమాదం ఉంది. కాబట్టి ఈ మందు ఒక్క డోసుతో తీరేది కాదు.

కజకిస్తాన్‌లో ఇప్పుడు నడుస్తున్న ఇబ్బంది వేరు. అక్కడ కిలో యురేనియానికి పదుల కిలోల ఆసిడ్ పడుతుంది. ఆస్ట్రేలియా ఆసిడ్ గనుల్లో అందులో చిన్న భాగమే సరిపోతుంది. నేలలో తేడా కొంత, నడిపే తీరులో తేడా కొంత. 2007లో ఒకసారి, మళ్ళీ 2024 ప్రాంతంలో ఆసిడ్ కొరత వచ్చి కజక్ ప్రభుత్వ సంస్థ కజాటోమ్‌ప్రోమ్ ఉత్పత్తి అంచనాలు తగ్గించుకుంది. దాంతో కొత్త ఆసిడ్ ఫ్యాక్టరీ కడుతున్నారు. ఎరువుల తయారీకి కూడా ఇదే ఆసిడ్ కావాలి కాబట్టి బజారులో పోటీ తప్పదు. ఆసిడ్‌ను పొదుపుగా వాడటం పర్యావరణం కోసం మొదలు కాకపోయినా, ధర కోసమైనా మొదలైంది.

ఇది వింటున్న కడప జిల్లా శ్రోతలకు ఒక ప్రశ్న వచ్చే ఉంటుంది. మన తుమ్మలపల్లెలో ఇలా బోర్లతో ఎందుకు తీయరు? అక్కడి యురేనియం ఇసుకరాయిలో లేదు. వేంపల్లె పేరుతోనే పిలిచే డోలమైట్ పొరల్లో, సన్నగా కలిసిపోయి ఉంది. టన్నుకు అరకిలో లోపే. డోలమైట్ బిగువైన రాయి, దానిలో నీరు నడవదు. పైగా ఆ రాయే దాదాపుగా సున్నపు జాతి. ఆసిడ్ పోస్తే టన్ను రాయికి వందల కిలోలు తాగేస్తుంది. అందుకే అక్కడ భూగర్భంలో రాయిని తవ్వి, పైకి తెచ్చి, పిండి చేసి, సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ ద్రావణంలో కలిపి, మూసిన ఉక్కు పాత్రల్లో నూరు డిగ్రీలకు పైబడిన వేడిలో ఆక్సిజన్ ఇచ్చి కరిగిస్తారు. జాదుగూడలో ఆసిడ్ వాడితే తుమ్మలపల్లెలో క్షారం వాడటానికి కారణం ఇదే. వయోమింగ్‌లో నేల అడుగున జరిగే రసాయన చర్యే ఇక్కడ ఫ్యాక్టరీలో జరుగుతుంది.

తేడా మిగిలిపోయేదానిలో ఉంది. ఇక్కడ టన్ను రాయిలో తొమ్మిది వందల తొంభై తొమ్మిది కిలోలకు పైగా బురదగా పైనే మిగులుతుంది, అది కె.కె. కొట్టాల దగ్గరి వ్యర్థాల చెరువుకు చేరుతుంది. ఆ చుట్టుపక్కల రైతులు తమ బోరు నీళ్ళు మారిపోయాయని ఫిర్యాదు చేస్తూ వచ్చారు, గని నడిపే యురేనియం కార్పొరేషన్ అది తమ వల్ల కాదంటూ వచ్చింది. ఆ తగువు తేలాలంటే చెరువు అడుగు పరచిన పొర ఎలాంటిది, చుట్టూ నిఘా బోర్లు ఎక్కడెక్కడ ఉన్నాయి, గని తెరవకముందు ఆ పల్లెల నీళ్ళలో ఏముండేది అన్న కాగితాలు బల్ల మీదికి రావాలి. అది చెప్పవలసినవారు సివిల్ ఇంజనీర్లు, భూగర్భజల నిపుణులు. ఈ శీర్షికలో రాబోయే వారాల్లో వారిలో ఎవరైనా వచ్చి మాట్లాడితే వినాలని నాకూ ఉంది.